మూడుసార్లు నడిచిన హద్దు

లియోటా మీక్స్‌ను మనం కోర్టు మెట్ల మీద, జూలై ఎండలో, నకళ్ల కట్ట గుండెకు హత్తుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ముప్పై ఏళ్లు బడి వంటగదిలో గరిటె తిప్పిన మనిషికి అరవయ్యారో ఏట పాత దస్తావేజులతో పనేమిటో మీకు గుర్తుండే ఉంటుంది. ఆమె స్నేహితురాలు ఒడెస్సా ఫాల్కన్ తల్లి వెలీనా మంచం పట్టింది. తొంభై మూడేళ్ల మనిషి. డాక్టరు నెలలు కాదు, వారాలు చెప్పాడు. ఆ ముసలమ్మకు మిగిలింది ఒక్కటే కోరిక: బ్లాక్‌గమ్ వాగు ఒడ్డున టిలట్సన్ల పాత సమాధుల తోటలో, పేర్లు లేని బండరాళ్ల వరుసలో తనను పడుకోబెట్టాలి. ఆ రాళ్ల కింద ఉన్నది తమవాళ్లేనని ఫాల్కన్లు తాతల నాటి నుంచీ చెప్పుకుంటున్నారు. కానీ ఫాల్కన్లు నల్లవాళ్లు, టిలట్సన్లు తెల్లవాళ్లు, తోట మీద పెత్తనం హార్లన్ టిలట్సన్‌ది. "మూలపురుషుడు ఆంబ్రోస్ సంతతి అని కాగితం చూపిస్తేనే చోటు" అని ఆయన ఒడెస్సా మొహం మీదే చెప్పాడు. ఆ సమయానికి పక్కనే ఉన్న లియోటా, పుట్టుకతో టిలట్సన్ అయ్యుండి కూడా, "కాగితమేగా, నేను వెతుకుతానులే ఒడెస్సా" అని నోరు జారింది. నోరు జారితే జారింది గానీ మాట తప్పే మనిషి కాదు. శనివారం కుటుంబ సభ. అక్కడ ఏది తేలితే అదే ఖాయం. ఇవాళ గురువారం.

కారు దిగి లియోటా వచ్చేసరికి హార్లన్ వరండాలో, దోమల జాలీ వెనకాల కూర్చుని బటర్ బీన్స్ ఒలుస్తున్నాడు. ఎనభై ఒక్క ఏళ్లు. నలభై ఐదేళ్లు ఆ కౌంటీలో సర్వేయరుగా గొలుసు లాగి లాగి మోకాళ్లు అరగదీసుకున్నాడు గానీ, ఎంత దూరంలో ఉన్న చెట్టునైనా ఇది ఫలానా అని చెప్పే కళ్లు మాత్రం పోలేదు. లియోటా తండ్రికి వరసకు తమ్ముడు. భార్య పోయాక ఆయన ఒలిచిన గింజలు తినేవాళ్లే లేరు, అయినా తోట వేస్తాడు, ఒలుస్తాడు, వీధిలో వాళ్లకు పంచిపెడతాడు.

"కోర్టుకెళ్లావటగా," అన్నాడు తలెత్తకుండా. "రికార్డు గదిలో ఉండే పిల్ల ఫోన్ చేసింది. మీ లియోటా పుస్తకాలన్నీ కిందికి దించేస్తోందండీ, ఒక్కోటీ దూడంత బరువు, నడుం పట్టేస్తే మా పూచీ లేదు అంది."

"నా నడుముకేం కాదు బాబాయ్. నాలుగొందల మంది పిల్లలకి ఆలుగడ్డలు కుమ్మిన నడుము ఇది."

"తిన్నావా?"

"కారులో టమాటా శాండ్‌విచ్ తిన్నా."

"కారులోనా? ఇల్లూ వాకిలీ లేనిదానిలాగ! లోపల మొక్కజొన్న రొట్టె ఉంది. టీ కూడా ఉంది. పోసుకో, నాక్కూడా పొయ్యి."

టీ గ్లాసులు తెచ్చి, బల్ల మీద గింజల గిన్నె పక్కకు జరిపి, లియోటా తన కట్ట విప్పింది. దారి పొడుగునా ఎన్నో రకాలుగా అనుకుంటూ వచ్చింది, ముందు మంచిమాటతో మొదలుపెట్టాలనీ, మెల్లగా చెప్పాలనీ. తీరా కూర్చున్నాక అవన్నీ ఎటు పోయాయో పోయాయి.

"మీ పుస్తకంలో పదకొండో పేజీలో ఏముంది బాబాయ్?"

ఆ పుస్తకం సంగతి వేరే చెప్పక్కర్లేదు. టిలట్సన్ల వంశచరిత్ర. ఎర్ర అట్ట, దాని మీద వంశ చిహ్నంగా నిలబడ్డ సింహం. వాళ్ల ప్రతి ఇంట్లోనూ బైబిలు పక్కన ఉంటుంది. రాసింది హార్లనే. పేజీ చూడాల్సిన పని ఆయనకు లేదు.

"వెయ్యిన్నీ ఆరువందల తొంభై ఎనిమిదిలో ఆంబ్రోస్ టిలట్సన్ రాజుగారి పేరు మీద వెయ్యిన్నూట యాభై ఎకరాలకు పట్టా పొందెను," అని ప్రార్థన చదివినట్టు చదివాడు. "ఏం?"

"ఆ పట్టా మీరు చూశారా?"

"నేను చూడ్డమేంటి? మా నాయనమ్మ రిచ్‌మండ్‌లో పాత రికార్డుల ఆఫీసుకి వెళ్లి సూచిక పుస్తకంలో కళ్లారా చూసింది. పేరుంది, పేజీ నంబరు ఉంది."

"ఆ పేజీ తిప్పి చూసిందా?"

హార్లన్ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "రైలుకి టైమైపోయిందని చెప్పేది," అన్నాడు చివరికి.

ఎన్ని ఇళ్లలో ఇదే జరిగిందో లెక్క లేదు. ఆ కాలంలో ఒక మనిషిని సముద్రం దాటించి తెస్తే, తెచ్చినవాడికి తలకు యాభై ఎకరాల చొప్పున భూమి దక్కేది. పట్టా కింద ఆ తెచ్చిన వాళ్ల పేర్లన్నీ వరుసగా రాసేవారు. తర్వాతి వాళ్లు సూచికలో తాతగారి పేరు కనబడగానే ఆనందబాష్పాలు రాల్చి, పట్టా మనదే అనుకుని ఇంటికి వచ్చేసేవారు. పేరు పైన ఉందా కింద ఉందా అని చూసినవాళ్లు తక్కువ.

లియోటా నకలు ముందుకు తోసింది. హార్లన్ భూతద్దం తీసి, వేలు ఆనించి చదివాడు. పైన కల్నల్ యెల్వర్టన్ అనే దొర పేరు. కింద ఇరవై ముగ్గురు.

"పదిహేడోవాడు," అన్నాడు మెల్లగా.

"అవును బాబాయ్."

"అంటే మనవాడు పట్టాదారు కాదు. పట్టా కోసం పడవెక్కించిన యాభై ఎకరాలు."

"ఏడేళ్లు ఊడిగం చేశాడు. కానీ చూడండి, ఆ తర్వాత సొంతంగా వంద ఎకరాలు కొనుక్కున్నాడు. పుట్టుకతో దొర అయినవాడికన్నా అది గొప్ప కాదూ?"

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. నలభై ఏళ్లుగా ప్రతి సభలోనూ టై కట్టుకుని నిలబడి చదివిన వాక్యం అది.  ఈ ముసలాయన్ని ఇలా కూర్చోబెట్టి ఈకలు పీకడానికా నేను వచ్చింది అనుకుంది లియోటా. లేచి ఆయన గ్లాసులో మళ్లీ టీ పోసింది.

"ఆ సింహాన్ని ఏం చేద్దామంటావ్?" అన్నాడు హార్లన్ ఉన్నట్టుండి.

"ఉండనివ్వండి పాపం. అదీ ఎవరో దొర పడవెక్కిస్తే వచ్చి ఉంటుంది."

ఆయన నవ్వాడు. చాలాకాలంగా వాడని తలుపులా కిర్రుమంది ఆ నవ్వు. తర్వాత గిన్నె మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "సరేలే. మనవాడు కూలివాడే అనుకో. దీనికీ ఫాల్కన్లకీ ఏంటి సంబంధం?"

రెండో నకలు తీసింది. వెయ్యిన్నీ ఏడువందల ముప్పై. దాన దస్తావేజు. ఆ గుమస్తా చేతిరాత చీమలు పాకినట్టుంది, దాన్ని విప్పడానికే లియోటాకు రెండు రోజులు పట్టింది. "ఆంబ్రోస్ టిలట్సన్ అను నేను, హన్నా ఫాల్కన్ అను స్వతంత్రురాలైన నల్లజాతి స్త్రీకిన్నీ, ఆమె బిడ్డలు మోజెస్, డైనాలకున్నూ, వారియందు నాకు గల ప్రేమాభిమానముల చేత, నలభై ఎకరములు..."

హార్లన్ వేళ్లు మునుపటికన్నా వేగంగా ఒలుస్తున్నాయి. "ప్రేమాభిమానాలు అని రాస్తే రక్తసంబంధమైపోదు. దానపత్రమంటే గుమస్తా ఎవడైనా రాసే మాటే అది."

"మీరు ఎవరికైనా నలభై ఎకరాలు ఊరికే ఇచ్చారా?"

"మా బావమరిదికి నిచ్చెన కూడా ఎరువివ్వలేదు."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. కాగితం మీద ఎవడైనా ఏమైనా రాస్తాడు. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నవాళ్లు లేరా? ఆ హన్నా ఒక్క పంటైనా అక్కడ పండించుకుందని ఏమిటి రుజువు?"

ఆ ప్రశ్న వస్తుందని లియోటాకు తెలుసు. అందుకే మూడోది ఆఖరికి దాచింది. అది కోర్టు పుస్తకం కాదు, చర్చివారి పాత చిట్టా. ఆ రోజుల్లో నాలుగేళ్లకోసారి ఇరుగుపొరుగు రైతులు కూడి, ప్రతి పొలం హద్దు వెంటా కాలినడకన తిరిగేవారు. చెట్ల మీద పాత గొడ్డలి గాట్లు పూడిపోతే మళ్లీ కొట్టేవారు. ఎవరికైనా అభ్యంతరముంటే అక్కడే, ఆ చెట్టు కిందే చెప్పాలి. నడిచినవాళ్ల పేర్లు, దగ్గరున్నవాళ్ల పేర్లు చర్చి పుస్తకంలోకి ఎక్కేవి.

"ముప్పై ఒకటి," అని చదివింది లియోటా. "టిలట్సన్‌కూ హన్నా ఫాల్కన్‌కూ మధ్య హద్దు నడిచితిమి. ఇద్దరూ దగ్గర ఉండిరి. ఎవరూ అడ్డు చెప్పలేదు. ముప్పై అయిదు. హద్దు నడిచితిమి. హన్నా దగ్గర ఉండెను. అడ్డు లేదు. ముప్పై తొమ్మిది. హన్నా, ఆమె కొడుకు మోజెస్ దగ్గర ఉండిరి..."

"మూడుసార్లు," అన్నాడు హార్లన్.

"మూడుసార్లే. దానర్థం నాకన్నా మీకే బాగా తెలుసు."

సర్వేయరుకు తెలియకేం. మూడు తడవలు నడిచి ఎవరూ అడ్డు పడకపోతే ఆ హద్దు ఇక స్థిరం. రాజు మారినా, కోర్టు కాలినా, దాన్ని కదిలించే హక్కు ఎవరికీ లేదు. హార్లన్ తన ఉద్యోగమంతా ఆ ఒక్క నియమానికి టోపీ తీసి దండం పెట్టినవాడు.

"సరే. ఆవిడ భూమి ఆవిడదే," అన్నాడు కాస్త కటువుగా. "అయితే ఏంటంట? సమాధుల తోట ఆంబ్రోస్ తనకు ఉంచుకున్న అరవై ఎకరాల్లో ఉంది. ఫాల్కన్లది వేరే చోట."

"గీసి చూపించండి."

"నా చేతులు వణుకుతున్నాయి. గీయను."

"అయితే నేను గీసింది చూడండి."

సర్కారు పటాన్ని పెద్దది చేయించి తెచ్చింది. సమాధుల తోట ఉన్నచోట దాని మీద చిన్న సిలువ గుర్తు ఉంది. దాని మీద పల్చటి కాగితం పరిచింది. మనవరాలి బడి పెట్టెలోంచి తీసిన కోణమానిని, స్కేలు పెట్టి, దస్తావేజులో ఉన్న దిక్కులూ దూరాలూ చూస్తూ మూడు రాత్రులు కుస్తీ పట్టి గీసిన బొమ్మ. హన్నా గారి హద్దు సరిగ్గా సిలువ మధ్యలోంచి పోతోంది.

"చూశారా, సగం మనవైపు, సగం వాళ్లవైపు. కొందరికి తల ఒక చోట, కాళ్లు ఒక చోట."

హార్లన్ ఆ బొమ్మ వైపు వంగాడు. రొట్టెల పిండిని ఎవరో రంపంతో కోస్తుంటే చూసినట్టు మొహం పెట్టాడు.

"ఇదేంటి?"

"వాగు."

"వాగా! వాగు ఎక్కడైనా రూళ్లకర్ర మింగినట్టు పోతుందటే? 'వాగు వంపుల వెంబడి' అని రాసి ఉంటే నువ్వు స్కేలు పెట్టి గీస్తావా? వాగు ఎటు తిరిగితే హద్దు అటు తిరుగుతుంది. ఇది చూసి ఎవడైనా నిన్ను మా ఇంటిదని అంటే నాకు తలవంపులు."

"నాకేం తెలుసు బాబాయ్, వంటమనిషిని."

"ఉప్పు వెయ్యమంటే చక్కెర వేసే వంటమనిషివి. ఇలా ఇయ్యి. చదువు, నేను గీస్తా. పెన్సిలు చెక్కిందేనా?"

గిన్నె కిందికి దిగింది. కొత్త కాగితం పటం మీదికి ఎక్కింది. వణుకుతున్నాయన్న ఆ చేతులు పెన్సిలు ముట్టగానే గూట్లో వాలిన పిట్టల్లా కుదురుకున్నాయి.

లియోటా మెల్లగా చదవసాగింది. "తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలు. వాగు కలిసే చోట."

"ఊఁ."

"అక్కడినుంచి ఉత్తరానికి, ముప్పై డిగ్రీలు తూర్పు వాటంగా, తొంభై కర్రలు. హికరీ చెట్టు దాకా."

"కర్ర అంటే పదహారున్నర అడుగులు. నువ్వు పదహారు వేసుకున్నావు, కనబడుతూనే ఉంది. ఊఁ, తర్వాత?"

"తూర్పుగా డెబ్బై కర్రలు, జంట డాగ్‌వుడ్ చెట్ల దాకా." పేజీ అయిపోయింది. తర్వాతి కాగితం చెమటకు దీనికి అంటుకుపోయింది. లియోటా బొటనవేలు తడి చేసుకుని రెండింటినీ విడదీయబోయింది. పాత నకలు కదా, చిరుగుతుందేమోనని అంచు దగ్గర నెమ్మదిగా ఊదింది.

తలెత్తి చూస్తే హార్లన్ ఆగనే లేదు. పెన్సిలు జంట చెట్ల దగ్గర నుంచి దక్షిణానికి దిగి, ఒక పిసరు తూర్పుకు ఒరిగి, వాగు ఒడ్డున ఆగింది. అక్కడ ముత్యాల్లాంటి అక్షరాలతో 'చీలిన పాప్లర్' అని రాశాడు. ఇక అక్కడినుంచి వాగు వెంట పడ్డాడు. గుట్టను చుట్టి వాగు ఒక పెద్ద వంపు తిరుగుతుంది, పెన్సిలూ తిరిగింది. తిరిగి తిరిగి తెల్ల ఓక్ దగ్గరికి వచ్చి, వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది.

సిలువ గుర్తు వంపు లోపల ఉంది. మధ్యలోనూ కాదు, అంచునా కాదు. హన్నా ఫాల్కన్ నలభై ఎకరాల లోపల, నిండుగా.

లియోటా చేతిలో పేజీ అప్పటికి విడింది. కళ్లతో చదువుకుంది. 'అక్కడినుంచి దక్షిణానికి, ఇరవై డిగ్రీలు తూర్పు వాటంగా, వాగు ఒడ్డున చీలిన పాప్లర్ దాకా.'

ఆమెకు ముందు సంతోషం వచ్చింది, ఆ వెంటనే పేజీనీ ఆయన గీతనూ మార్చి మార్చి చూసింది.

"బాబాయ్," అంది. "ఈ వాక్యం నేనింకా మీకు చదివి వినిపించలేదు."

పెన్సిలు కాగితం మీదే ఉంది.  హార్లన్ తాను గీసిన గీతను, ఎవరో గీసినదాన్ని చూసినట్టు చూశాడు.

"చదవలేదు కదూ," అన్నాడు.

"మీకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. మరి ఆ ఒడెస్సాను గుమ్మంలో నిలబెట్టి కాగితం తెమ్మని ఎందుకన్నారు? తల్లి అక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే! మనం పడుకోబోయేదే వాళ్ల నేలలో అయితే, వాళ్లకు చోటివ్వడానికి మనమెవరం?"

"అరవకు. చెవుడు లేదు నాకు." ఆయన కళ్లజోడు తీసి చొక్కా కొసకు తుడుచుకున్నాడు. అద్దాలు ఎప్పుడో తుడవడమైంది, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. "నేను చెప్పనని మాటిచ్చాను లియోటా. వెతుక్కునేవాళ్లను ఆపుతానని మాత్రం ఇవ్వలేదు. కాగితం తెమ్మన్నానంటే, కాగితం ఉందనేగా. అంతకన్నా నా నోటితో ఏం చెప్పను? ఇన్నేళ్లుగా ఎవరైనా ఆ దస్తావేజు పుస్తకం దించుతారేమోనని చూస్తున్నా. దించినదానివి నువ్వయ్యావు."

"ఎవరికిచ్చారు మాట?"

"లోపల బీరువా మీద రేకు గొట్టం ఉంది, పట్రా. స్టూలు వేసుకుని ఎక్కు. పడ్డావంటే మీ పిల్లలు నన్ను తిడతారు."

గొట్టం మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గింజలు ఒలిచే కత్తి మొనతో హార్లన్ దాన్ని లేపాడు. లోపల నుంచి సర్వేయర్లు వాడే నూనెగుడ్డ పటం వచ్చింది. చివరలు పట్టుకుని విప్పితే, ఇందాక ఆయన గీసిన ఆకారమే. అదే తెల్ల ఓక్, అవే జంట చెట్లు, అదే వంపు, వంపులో అదే సిలువ. కింద ఆయన ముద్ర. నవంబరు, పంతొమ్మిది వందల యాభై తొమ్మిది. ఇరవై తొమ్మిదేళ్ల కిందటిది.

అయితే లియోటా చూపు పటం మీద లేదు. మూలన నీలం సిరాతో రాసిన రెండు వరుసల మీద ఉంది. ఆ దస్తూరి ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. బడికి సెలవు చీటీలు ఆ చేతే రాసింది, పెళ్లినాడు బైబిలు మొదటి పేజీలో దీవెన ఆ చేతే రాసింది. తన తండ్రి, అల్ఫియస్ టిలట్సన్. చర్చిలో పెద్ద, వీధిలో కుక్కపిల్లనైనా అదిలించని మనిషి.

'ఈ పటము ఎవ్వరికీ చూపరాదు.'

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "నాన్నా?" అంది. "మా నాన్న ఇంత పని చేశాడా? వాళ్ల నేల వాళ్లకు దక్కకుండా..."

"ఆగవే. సగం చదివి ఏడవకు. ఇన్నాళ్లు రికార్డులు తిరగేసి నేర్చుకున్నది ఇదేనా? మా నాయనమ్మకూ నీకూ తేడా ఏముంది?" హార్లన్ భూతద్దం ఆమె చేతిలో పెట్టి, తన వేలితో పటాన్ని కొంచెం పైకి తోశాడు. "అల్ఫియస్ అన్న రాశాడు, అంతే. రాయడం రాని మనిషి చెబుతుంటే రాసిపెట్టాడు. ఆ వరుసల కింద ఏముందో చూడు."

లియోటా వంగింది. కింద ఒక ఇంటూ గుర్తు ఉంది, గట్టిగా నొక్కి పెట్టింది. దాని చుట్టూ తండ్రి అక్షరాల్లో 'వెలీనా ఫాల్కన్, ఆమె గుర్తు' అని ఉంది. తన మంచం మీద పడుకుని, ఆ తోటలోనే మట్టి కావాలని అడుగుతున్న వెలీనా.

రెండో వరుస కూడా లియోటా అప్పుడే పూర్తిగా చదివింది.

'ఈ పటము ఎవ్వరికీ చూపరాదు. నేను బ్రతికి ఉన్నంత కాలము, మరీ ముఖ్యముగా నా కూతురు ఒడెస్సాకు.'